కనోలా: ఆవాల వంశమే, ఆవనూనె మాత్రం కాదు

క్లుప్తంగా: కనోలా అనేది రేప్‌సీడ్ మొక్కలో రెండు పదార్థాలను బాగా తగ్గించి తయారు చేసిన పంట. నూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 2 శాతం లోపు, నూనె పిండగా మిగిలే చెక్కలో ఘాటు పుట్టించే గ్లూకోసినోలేట్లు గ్రాముకు 30 మైక్రోమోల్స్ లోపు ఉంటేనే దానికి ఆ పేరు. పొలంలో చిక్కులు, మిల్లు మీద విమర్శలు, భారత్‌లో ఈ పంట నత్తనడక అన్నీ ఏదో ఒక మలుపులో ఈ రెండు అంకెల దగ్గరికే వస్తాయి. పోషకాల పరంగా మంచి నూనే. అయితే ఆ మంచి ఎంతన్నది, ఏ నూనె స్థానంలో వాడుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

## ఒకే గింజకు ఇన్ని పేర్లు ఎందుకు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దుకాణాల్లో కనిపించే కనోలా, బ్రిటన్‌లో రేప్‌సీడ్ ఆయిల్, జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కొనుక్కునే రాప్స్‌ఓల్ వంట వరకు ఒకటే. పాత రేప్‌సీడ్ నూనె వేరు, మన దేశపు ఆవనూనె వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే కనోలా మీద సామాజిక మాధ్యమాల్లో తిరిగే భయపెట్టే సందేశాల్లో సగం పుడుతున్నాయి.

వృక్షశాస్త్రం ఈ చుట్టరికాన్ని తేటగా చెబుతుంది. టర్నిప్ జాతి మొక్క, క్యాబేజీ జాతి మొక్క సహజంగా కలిస్తే పుట్టింది బ్రాసికా నేపస్. కనోలాలో సింహభాగం ఇదే. అదే టర్నిప్ జాతి నల్ల ఆవాలతో కలిస్తే పుట్టింది బ్రాసికా జన్సియా, అంటే మనం పోపులో వేసే ఆవాలు. రెండింటికీ ఒక వైపు పూర్వీకులు ఒకరే, రెండో వైపు వేరన్న మాట. 1935లో ఊ నాగహారు అనే శాస్త్రవేత్త క్రోమోజోముల లెక్కతో ఈ వంశవృక్షాన్ని గీశారు.

కనోలాను మస్టర్డ్ గ్యాస్‌తో ముడిపెట్టే ప్రచారానికి ఒక్క వాక్యం చాలు: ఆ విషవాయువు కర్మాగారంలో తయారయ్యే గంధక రసాయనం, వాసన పోలిక వల్ల ఆ పేరొచ్చింది తప్ప ఆవాలతోనో కనోలాతోనో దానికి ఏ సంబంధమూ లేదు.

## ఇంజన్ల నుంచి వంటింటికి

‘ఇది యంత్రాలకు పూసే నూనె’ అనే మాటలో మాత్రం కొంత చరిత్ర ఉంది. పాత రేప్‌సీడ్ నూనె ఆవిరి తగిలినా కడుక్కుపోకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల ఆవిరి ఇంజన్లకు అది అవసరమైంది. ఐరోపా, ఆసియా నుంచి సరఫరా ఆగిపోవడంతో కెనడా తన మైదాన రాష్ట్రాల్లో సాగు మొదలుపెట్టింది. యుద్ధం ముగిసి డీజిల్ ఇంజన్లు వచ్చాక పంట ఉంది, కొనేవాళ్లు లేరు. ఇక తినే నూనెగా మార్చుకోవడమే దారి.

ఆ దారిలో రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది ఎరూసిక్ ఆమ్లం. పాత రకాల నూనెలో ఇది 40 శాతం పైన కూడా ఉండేది. ఎక్కువ మోతాదులో తినిపించిన ఎలుకల గుండె కండరాల్లో కొవ్వు పేరుకుంది. రెండోది గ్లూకోసినోలేట్లు. ఇవి నూనెలో కంటే పిండిన తర్వాత మిగిలే చెక్కలో ఉంటాయి. విరిగినప్పుడు ఘాటైన పదార్థాలుగా మారి థైరాయిడ్ మీద ప్రభావం చూపుతాయి, పశువులు మేతను ముట్టవు. ఆవపిండి తడిస్తే ముక్కుపుటాలు అదిరేది ఈ రసాయన చర్య వల్లే. ఆవకాయకు ప్రాణం పోసే గుణమే పశువుల దాణాకు దోషం. కనోలా గింజతో ఆవకాయ పెడితే అది ఆవకాయ కాదు.

మానిటోబా విశ్వవిద్యాలయంలో బాల్డుర్ స్టెఫాన్సన్, సస్కటూన్‌లోని ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో కీత్ డౌనీ ఈ రెండింటినీ తగ్గించే పని చేపట్టారు. ఇది జన్యుమార్పిడి కాదు, మామూలు సంకరణమే. ఎరూసిక్ ఆమ్లం తక్కువున్న లక్షణం లీహో అనే జర్మన్ పశుగ్రాస రకంలో, గ్లూకోసినోలేట్లు తక్కువున్న లక్షణం బ్రోనోవ్‌స్కీ అనే పోలండ్ రకంలో దొరికాయి. గింజను పరీక్షించాలంటే నలగ్గొట్టాలి, నలగ్గొడితే మొలవదు. దీనికి ‘అరగింజ’ పద్ధతి విరుగుడైంది. ఒక బీజదళాన్ని కోసి నూనె పరీక్షకు పంపి, మిగతా సగాన్ని నాటేవారు. ఫలితం నచ్చితే మొక్క చేతిలోనే ఉంటుంది. 1974లో ‘టవర్’ అనే రకం రెండు దోషాలూ తగ్గిన మొదటి నేపస్ రకంగా వచ్చింది. 1978లో కనోలా అనే పేరు నమోదైంది. అందులో ‘కన్’ కెనడాకు గుర్తు. 1985లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ నూనెను సురక్షిత ఆహార జాబితాలో చేర్చింది.

## ఎరూసిక్ ఆమ్లం: చెంచా లెక్క

శాతాల కన్నా చెంచా లెక్క తొందరగా బోధపడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో రోజుకు కిలో శరీర బరువుకు 7 మిల్లీగ్రాముల ఎరూసిక్ ఆమ్లం వరకు పర్వాలేదని లెక్కగట్టింది. 60 కిలోల మనిషికి ఇది 420 మిల్లీగ్రాములు. ఒక పెద్ద చెంచా నూనె 14 గ్రాములు. 40 శాతం ఎరూసిక్ ఉన్న ఆవనూనె చెంచాడులో 5,600 మిల్లీగ్రాములుంటాయి. చట్టం అనుమతించే గరిష్ఠ స్థాయి, అంటే 2 శాతం ఉన్న కనోలాలో 280. మార్కెట్‌లో దొరికే కనోలాలో చాలావరకు అంతకంటే బాగా తక్కువే.

ఇక్కడ రెండో పక్క కూడా చూడాలి. ఎలుకలు ఈ ఆమ్లాన్ని సరిగా అరిగించుకోలేవు. బెంగాల్, బిహార్, పంజాబ్‌లలో తరతరాలుగా ఆవనూనె తింటున్నవారిలో దీనివల్ల గుండె దెబ్బతిన్నట్టు రుజువు కాలేదు. అయినా అమెరికా ఆవనూనెను వంటకు ఒప్పుకోదు. అక్కడి భారతీయ దుకాణాల్లో సీసా మీద ‘ఒంటికి రాసుకోవడానికి మాత్రమే’ అని ముద్రించి ఉండటానికి కారణం ఇదే. కనోలా మీద వచ్చే ఎరూసిక్ ఆరోపణ నిజానికి దాని పూర్వీకులకు చెందింది.

## పొలంలో: చిన్న గింజ, పెద్ద లెక్కలు

ప్రపంచంలో కనోలాకు పెట్టింది పేరు కెనడా, అందులోనూ సస్కాచెవాన్ రాష్ట్రం. దేశపు పంటలో సగానికి పైగా అక్కడిదే. మామూలు ఏడాదిలో కెనడా 1.8 నుంచి 2 కోట్ల టన్నులు పండిస్తుంది. మే నెలలో విత్తి, ఆగస్టు, సెప్టెంబరులలో కోస్తారు. 90 నుంచి 120 రోజుల పంట.

వెయ్యి గింజలు 4 నుంచి 6 గ్రాములే తూగుతాయి. ఎకరాకు రెండుంపావు కిలోలు వేస్తే, వెయ్యి గింజలు 5 గ్రాములనుకుంటే, చదరపు అడుగుకు సుమారు 10 గింజలు పడతాయి. వాటిలో 60 శాతం మొలిస్తే 6 మొక్కలు. సిఫారసు 5 నుంచి 8. అంటే అంతా సవ్యంగా జరిగినా పదిలో నాలుగు గింజలు మట్టిపాలే. ఖరీదైన హైబ్రిడ్ విత్తనం కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. గింజలో నిల్వ ఆహారం తక్కువ కనుక లోతు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. ట్రాక్టర్ వేగం పెంచితే విత్తే గొర్రు ఎగిరెగిరి పడి, కొన్ని గింజలు పైన ఎండిపోతాయి, కొన్ని లోతున ఊపిరాడక చస్తాయి. విత్తనంతో పాటు అదే సాలులో యూరియా ఎక్కువ పోసినా మొలక మాడుతుంది.

ఎకరాకు 9 క్వింటాళ్లు, అంటే అక్కడి లెక్కలో 40 బుషెళ్లు పండాలంటే పైరు నేలనుంచి, ఎరువునుంచి కలిపి 55 నుంచి 65 కిలోల నత్రజని లాగుతుంది. అంతకంటే ఎక్కువమంది పొరబడేది గంధకం దగ్గర. ఆవ జాతి మొక్కలకు గోధుమ కంటే గంధకం బాగా కావాలి. 9 క్వింటాళ్ల పంటకు దాదాపు 10 కిలోలు పడుతుంది. లోపిస్తే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఊదా రంగు తిరుగుతాయి, పూలు పాలిపోతాయి, కాయలు తాలుపోతాయి. గంధకం చాలని నేలలో నత్రజని ఒక్కటే పెంచితే లోపం ఇంకా ముదురుతుంది. ఎరువు పోసినకొద్దీ దిగుబడి తగ్గడం చూసి రైతు తికమకపడేది ఇక్కడే.

మొలక దశలో ప్రధాన శత్రువు ఫ్లీ బీటిల్ అనే, నువ్వు గింజంత పెంకు పురుగు. బీజదళాలను జల్లెడలా తొలుస్తుంది. ఆకు విస్తీర్ణంలో 25 శాతం పోయేసరికి మందు కొట్టాలని సలహా. 50 శాతం దాకా ఆగితే మొక్క తేరుకోదు. చలిగా ఉండి మొలక నెమ్మదించిన ఏడాది విత్తనశుద్ధి మందు ప్రభావం మూడు, నాలుగు వారాల్లో తీరిపోతుంది, పురుగు ఆకలి మాత్రం తీరదు.

పూత దశలో తెల్లబూజు కాండం కుళ్లు తగులుకుంటుంది. శిలీంధ్ర బీజాలు నేరుగా కాండాన్ని పట్టవు. రాలిన పూరేకుల మీద మొలిచి, అవి తడి ఆకుల కొంకుల్లో అతుక్కున్న చోటు నుంచి కాండంలోకి దిగుతాయి. అందుకే 20 నుంచి 50 శాతం పూత ఉన్నప్పుడే మందు పనిచేస్తుంది, తెగులు కంటికి కనిపించాక కొట్టింది వృథా. 2003లో ఆల్బెర్టాలోని ఎడ్మంటన్ ప్రాంతపు కనోలా పొలాల్లో బయటపడ్డ క్లబ్‌రూట్ అనే వేరు తెగులు ఇంకా మొండిది. వేళ్లు గడ్డలు కట్టిపోతాయి, బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ట్రాక్టర్ టైరుకు అంటిన మట్టితో పక్క ఊరికి పోతాయి. పంట మార్పిడే దీనికి అసలు మందు. కానీ కనోలాకు ధర బాగున్నప్పుడు మూడు, నాలుగేళ్ల విరామం పాటించే ఓపిక ఎవరికీ ఉండదు. ఏడాది విడిచి ఏడాది అదే పంట వేసిన చోటే తెగులు బలిసింది.

పూత సమయంలో ఎండ 30 డిగ్రీలు దాటితే పూలు పిందె కట్టకుండా రాలిపోతాయి. 2021 కరవులో, వడగాలుల్లో కెనడా పంట సుమారు 1.4 కోట్ల టన్నులకు పడిపోయింది.

## కోత: తొందరపడినా, ఆలస్యమైనా నష్టమే

కనోలా కాయ ఎండితే చిటుక్కున పగిలి గింజ నేలపాలవుతుంది. నిన్నటివరకు ఉన్న ఒకే ఉపాయం, ప్రధాన కాండంలోని గింజల్లో 60 శాతం రంగు మారగానే కోసి పనలు వేయడం. కాయ పగలకుండా తట్టుకునే హైబ్రిడ్లు వచ్చాక నిలువు పైరునే నేరుగా కోసే పద్ధతి పెరిగింది.

తొందరపడితే ఆకుపచ్చ గింజ సమస్య. పచ్చిగా ఉన్నప్పుడు మంచు కురిస్తే పత్రహరితాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఆగిపోయి రంగు గింజలోనే బందీ అవుతుంది. కెనడా మొదటి శ్రేణిలో ఆకుపచ్చ గింజ 2 శాతం మించకూడదు. మించితే ధర తెగుతుంది, ఎందుకంటే ఆ రంగును నూనె నుంచి తీయడానికి మిల్లులో రంగు తీసే మట్టి ఎక్కువ వాడాలి.

గాదెలో పోశాక కూడా నిశ్చింత లేదు. కొత్త గింజ ఆరు వారాల దాకా శ్వాసిస్తూ వేడిని, తేమను విడుస్తుంది. నూనెగింజ కావడంతో ఒక మూల వేడెక్కితే మొత్తం గాదె మాడిపోవచ్చు. తేమ 8 శాతానికి, ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపుకు దించి, ఫ్యాన్లతో గాలి ఆడించడం అందుకే.

## మిల్లులో ఏం జరుగుతుంది

గింజలో సుమారు 44 శాతం నూనె. గింజను గోరువెచ్చగా చేసి మిల్లీమీటరులో మూడో వంతు మందం రేకులుగా నొక్కుతారు. 80 నుంచి 105 డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు ఉడికిస్తారు. గ్లూకోసినోలేట్లను ఘాటుగా మార్చే ఎంజైమును చంపడం ఈ ఉడికింపులో ముఖ్యమైన పని. తర్వాత మరయంత్రం నూనెలో ఎక్కువ భాగాన్ని పిండుతుంది. చెక్కలో మిగిలింది హెక్సేన్ అనే ద్రావకంతో కడిగి తీస్తారు. హెక్సేన్ 69 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి దాన్ని వేడితో వెనక్కి లాగి మళ్లీ వాడతారు. చివరికి జిగురు తీయడం, రంగు తీయడం, శూన్యంలో 230 డిగ్రీల పైన ఆవిరి పట్టించి వాసన తీయడం.

హెక్సేన్ పేరు వింటే భయం కలగడం సహజం. అయితే తవుడు నూనె, శుద్ధి చేసిన సోయా నూనె కూడా ఈ దారిలోనే వస్తాయి. తెలుగు ఇళ్లలో తవుడు నూనెను ఆరోగ్యకరమని కొని, కనోలాను మాత్రం ఇదే కారణంతో కాదనడంలో తర్కం లేదు. ఐరోపాలో నూనెలో హెక్సేన్ అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వాసన తీసే దశలో కొద్దిగా ట్రాన్స్ కొవ్వు ఏర్పడటం మాత్రం నిజమే. సాధారణంగా అది 2 శాతం లోపు. ఇది కూడా వద్దనుకునేవారికి గానుగ కనోలా దొరుకుతుంది. దాని రంగు ముదురు, వాసన ఎక్కువ, తక్కువ వేడికే పొగ వస్తుంది.

మిగిలిన చెక్కలో మాంసకృత్తులు 36 శాతం పైచిలుకు. పాడి పశువులకు మంచి దాణా. రెండో అంకె, అంటే గ్లూకోసినోలేట్ల హద్దు, లేకపోతే ఈ ఆదాయం ఉండదు.

## పోషకాలు: దేనితో పోల్చి?

కనోలాలో సంతృప్త కొవ్వు సుమారు 7 శాతం, వంటనూనెల్లో అతి తక్కువల్లో ఒకటి. పొద్దుతిరుగుడు నూనెలో 11, నువ్వుల నూనెలో 14, వేరుశనగ నూనెలో 17 నుంచి 20, తవుడు నూనెలో 20, పామాయిల్‌లో దాదాపు 50. ఒలీయిక్ ఆమ్లం వంటి ఏకాసంతృప్త కొవ్వులు 63 శాతం, ఒమేగా-6 సుమారు 19, మొక్కల ఒమేగా-3 అయిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం 9. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెల్లో ఈ చివరిది దాదాపు శూన్యం. అయితే ఇది చేపల్లోని ఒమేగా-3గా శరీరంలో మారేది చాలా స్వల్పం. చేపకు బదులు కనోలా అనుకోవడం పొరపాటు.

2006లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతించిన ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. రోజుకు ఒకటిన్నర పెద్ద చెంచాలు, అంటే సుమారు 19 గ్రాముల కనోలా నూనె గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చు. దానికి షరతు, అంతే పరిమాణంలో సంతృప్త కొవ్వును తగ్గించాలి, మొత్తం కేలరీలు పెరగకూడదు. సీసా మీది ప్రచారంలో మొదటి సగమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పామాయిల్, డాల్డా మానేసి కనోలాకు మారితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. వేరుశనగ నూనె నుంచి మారితే తేడా చిన్నది. ఉన్న నూనె మీద అదనంగా పోస్తే లాభం లేదు, గ్రాముకు 9 కేలరీలు దీనికీ తప్పవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లేనికి కేటాయించిన నూనె 27 గ్రాములు, సుమారు రెండు పెద్ద చెంచాలు.

విత్తన నూనెల్లోని ఒమేగా-6 ఒంట్లో వాపు పెంచుతుందన్న వాదన ఇటీవల బాగా వినిపిస్తోంది. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో వాపు సూచికలు పెరిగినట్టు తేలలేదు. పైగా కనోలాలో ఒమేగా-6, ఒమేగా-3 నిష్పత్తి రెండుకు ఒకటి. ఈ వాదనకు కనోలా సరైన ఉదాహరణే కాదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు ఒకటి గమనించాలి: పెద్ద చెంచాకు సుమారు 10 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది కనుక వాడకం ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం మంచిది కాదు.

వంటలో కనోలా బలం, బలహీనత రెండూ ఆ 9 శాతం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలోనే ఉన్నాయి. పోపులకు, కూరలకు, దోసెలకు, ఒకసారి గారెలు వేయడానికి ఏ ఇబ్బందీ లేదు. శుద్ధి చేసిన నూనె 200 డిగ్రీలు దాటితేగానీ పొగ రాదు, గారెలకు 180 చాలు. కానీ పొగ రాకపోవడం, నూనె చెడకపోవడం ఒకటి కాదు. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం గాలికి, వేడికి త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. అదే మూకుడు నూనెను పదేపదే కాస్తే చేపల వాసన, రంగుల డబ్బా వాసన వచ్చేది దానివల్లే. అమెరికా హోటళ్లు ఈ ఆమ్లాన్ని 3 శాతం లోపుకు తగ్గించిన హై ఒలీయిక్ కనోలాకు మారడానికి కారణమూ ఇదే. ఏడాది నిల్వ ఉండాల్సిన ఊరగాయలకు మామూలు కనోలా సరిపడదు, అక్కడ నువ్వుల నూనెదే పైచేయి. అమెరికాలో నువ్వుల నూనె ప్రియమని కనోలాతో పెట్టిన పచ్చడి ఆరు నెలలకు ముక్కిన వాసన పట్టడం కారం దోషం కాదు.

## జన్యుమార్పిడి, చైనా సుంకాలు

1974 నాటి కనోలా జన్యుమార్పిడి పంట కాదు. కలుపుమందును తట్టుకునే జన్యుమార్పిడి రకాలు 1995లో వచ్చాయి. ఇప్పుడు కెనడాలో అత్యధిక విస్తీర్ణం వీటిదే. శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు కాబట్టి తినేవారి కోణంలో తేడా కనిపించదు. ప్రశ్నలన్నీ పొలానికి సంబంధించినవి: మందు తట్టుకునే కలుపు పెరగడం, ఏటా విత్తనం కొనాల్సి రావడం.

పంటలో అధిక భాగం ఎగుమతికే కావడంతో రాజకీయాలూ తగులుతాయి. చైనా విద్యుత్ కార్లపై కెనడా వేసిన సుంకాలకు బదులుగా 2025 మార్చిలో చైనా కనోలా నూనె, చెక్కలపై 100 శాతం సుంకం వేసింది. ఆగస్టులో గింజపై దిగుమతిదారులు కట్టాల్సిన 75.8 శాతం డిపాజిట్ విధించింది. 2026 జనవరిలో గింజపై మొత్తం భారాన్ని సుమారు 15 శాతానికి దించేలా అవగాహన కుదిరిందని కెనడా ప్రకటించింది. కార్ల తగాదాకు పసుపు పొలాలు మూల్యం చెల్లించాయి.

## భారత్‌లో ఎందుకు నత్తనడక

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీఎస్‌సీ 6, జీఎస్‌సీ 7 అనే కనోలా నాణ్యత గల గోభీ సర్సోం (బ్రాసికా నేపస్‌కు అక్కడి పేరు) రకాలను ఇచ్చింది. అక్టోబరు 10 నుంచి 30 లోపు, 45 సెంటీమీటర్ల ఎడంతో, ఎకరాకు కిలోన్నర విత్తనం వేస్తారు. గంధకం కూడా అందుతుందని భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలోనే వేయమంటారు. ఐదు నెలల పంట, ఎకరాకు 9 క్వింటాళ్ల దాకా వస్తుంది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ మన ఆవాల జాతిలోనే పూసా డబుల్ జీరో మస్టర్డ్ 31 వంటి రకాలను తెచ్చింది; డబుల్ జీరో అంటే ఎరూసిక్ ఆమ్లం, గ్లూకోసినోలేట్లు రెండూ తక్కువున్నదని. వార్తల్లో నలిగిన డీఎంహెచ్-11 జన్యుమార్పిడి ఆవ వేరు. దాని ఉద్దేశం హైబ్రిడ్ దిగుబడే, కనోలా నాణ్యత కాదు. 2022 అక్టోబరులో దానికి పర్యావరణ అనుమతి రాగా, 2024 జులైలో సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్న తీర్పులిచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పంటకు వాతావరణమే అడ్డు. ఐదు నెలల చల్లదనం ఇక్కడ లేదు. ఫిబ్రవరిలోనే ఎండ 30 దాటుతుంది, పూత నిలవదు.

ఉత్తరాదిలో వాతావరణం అనుకూలమే, అడ్డంతా మార్కెట్‌లో ఉంది. కంటితో చూస్తే మామూలు ఆవాలకు, డబుల్ జీరో గింజకు తేడా తెలియదు. మండీలో రెండూ ఒకే రాశిలో కలిస్తే ఎరూసిక్ 2 శాతం హద్దు చెదిరిపోతుంది. వేరుగా కొని, వేరుగా నిల్వచేసి, పరీక్షించి, అదనపు ధర ఇచ్చే మిల్లు పక్కన లేకపోతే రైతుకు ఈ రకం వేసే కారణమే లేదు. విడిగా పిండించినా, ఆ నూనెలో ఘాటు ఉండదు. కోల్‌కతాలో చేపల పులుసు వండే ఇల్లాలు ఆవనూనె సీసా మూత తీయగానే వెతికేది ఆ ఘాటునే.